మాహిష్మతిలో మనుషులెక్కడ?

ఒక దేశం మీద వ్యాసం రాయమంటే మనందరిదీ ఒకటే వరస. ఎల్లలు, నదులు, పంటలు, పరిపాలన, భాషలు, పండగలు. భారతదేశం మీద, ఒడిశా మీద ఈ వరసలో ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. అదే వరసలో అసలు లేని దేశాన్ని ఒకదాన్ని పరీక్షించి చూద్దామని నాకు అనిపించింది. తెలుగువాళ్ళకి బాగా తెలిసిన లేని దేశం మాహిష్మతి. ఎస్.ఎస్. రాజమౌళి తీసిన ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జూలై 10న, రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. కథ వి. విజయేంద్రప్రసాద్ గారిది. యుద్ధాలు ఎలా తీశారు, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి అన్నవి అందరూ మాట్లాడేశారు. నేను మాట్లాడేది ఆ దేశంలో బతుకు గురించి.

ముందు పేర్లు. మాహిష్మతి పురాణాల్లో కార్తవీర్యార్జునుడి రాజధాని, నర్మద ఒడ్డున ఉండేది. కుంతలం కన్నడ ప్రాంతంలో ఒకప్పటి రాజ్యం. కాలకేయులు మహాభారతంలో సముద్రంలో దాక్కున్న రాక్షసులు. అగస్త్యుడు సముద్రం తాగేసింది వాళ్ళని బయటపెట్టడానికే. అంటే పేర్లన్నీ పాతవే, దేశం మాత్రం కొత్తది. దాని కోటలు సాబు సిరిల్ కళాదర్శకత్వంలో రామోజీ ఫిల్మ్ సిటీలో లేచాయి. జలపాతానికి కేరళలోని అతిరప్పిళ్ళి ఆధారం. కంటికి ఇంత నిండుగా కనిపించే దేశాన్ని తెలుగు సినిమా అంతకు ముందు కట్టలేదు. ఈ మాట ఒప్పుకునే మిగతావి అడుగుతున్నాను.

పరిపాలన చూద్దాం. మాహిష్మతిలో రాజమాత శివగామి మాటే శాసనం. ఆమె న్యాయం వైపు ఉన్నంతసేపూ దేశం బాగుంటుంది. ఒక్కసారి ఆమె చెప్పుడు మాటలు నమ్మిందో, అమరేంద్ర బాహుబలి ప్రాణం పోయింది. ఆమె మాట తప్పని చెప్పడానికి ఇంకో సభ గానీ, ఇంకో న్యాయస్థానం గానీ లేవు. దేవసేన సభలో నిలబడి నిజం చెప్పినా బయటికి పోవలసి వచ్చింది. మంచివాళ్ళు గద్దె మీద ఉంటే చాలు అని సినిమా అంటున్నట్టుంటుంది గానీ, అది చూపించిన కథ మాత్రం చాలదనే చెబుతుంది.

తర్వాత జీవనం. మాహిష్మతిలో పంట ఏది? పన్ను ఎంత? పిల్లలకి బడి ఉందా? రెండు భాగాలూ చూశాక కూడా మనం జవాబు చెప్పలేం. కోట నుంచి వెళ్ళగొట్టాక బాహుబలి జనం మధ్య ఉండి వాళ్ళ పని తేలిక చేసే ఘట్టంలోనే మనకి పనిచేసే మనుషులు కాస్త దగ్గరగా కనిపిస్తారు. మిగతా అంతటా జనం అంటే గుంపు. జయజయధ్వానాలు చెయ్యడమే వాళ్ళ పని. భల్లాలదేవుడి బంగారు విగ్రహాన్ని తాళ్ళు కట్టి లేపుతున్న కూలీలను గుర్తు తెచ్చుకోండి. వాళ్ళ చేతులు కనిపిస్తాయి, పేర్లు మనకి తెలియవు.

ఇక్కడ ఇంకో లేని దేశం సంగతి చెప్పాలి. ఇంగ్లండులో సర్ థామస్ మోర్ అనే ఆయన 1516లో లాటిన్‌లో ‘ఉటోపియా’ అనే పుస్తకం వేశాడు. అందులో 54 పట్టణాలున్న ఒక ద్వీపం ఉంటుంది. అక్కడ అందరూ వ్యవసాయం నేర్చుకోవాలి, రోజుకి ఆరు గంటలు పని చేస్తే చాలు. బంగారం అంటే వాళ్ళకి లెక్కలేదు. మలమూత్రాల కుండలు, బానిసల గొలుసులు దానితోనే చేస్తారు. మాహిష్మతిలో బంగారం రాజుగారి విగ్రహం అయింది, ఉటోపియాలో అదే బంగారం మరుగుదొడ్డి కుండ అయింది. నవ్వొస్తుంది కదా! అయితే గొలుసుల మాట మర్చిపోకూడదు. అంత మంచి దేశంలోనూ బానిసలున్నారు. మాహిష్మతిలో కట్టప్ప ఉన్నాడు. తాతముత్తాతలు ఇచ్చిన మాటకి కట్టుబడి, సింహాసనానికి పుట్టు బానిస. విదేశీ వర్తకుడు అస్లంఖాన్ స్వేచ్ఛ కొనిస్తానంటే కట్టప్ప వద్దంటాడు. దాన్ని మనం విశ్వాసం అని మెచ్చుకుంటాం. ఆ విశ్వాసమే తర్వాత తను ఎత్తుకు పెంచిన మనిషి వెన్నులో కత్తి దించింది. ‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు’ అని రెండేళ్ళు దేశమంతా అడిగింది. బానిస కాబట్టి చంపాడు. వద్దు అనే హక్కు అతనికి లేదు. అసలు జవాబు ఇదేనని నా అభిప్రాయం.

ఇప్పుడు నాకు ముఖ్యమైన విషయం, భాష. మాహిష్మతిలో అందరిదీ ఒకటే భాష. జలపాతం కింద గూడెంలోనూ అదే, పొరుగు రాజ్యం కుంతలంలోనూ అదే. వేరే భాష వినిపించేది కాలకేయుల నోట మాత్రమే. దాని పేరు కిలికి. తమిళ రచయిత మదన్ కార్కీ సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో దాన్ని తయారు చేశారు. ఇంత శ్రమపడి పుట్టించిన భాషని సినిమా దేనికి వాడింది? బెదిరించడానికి, భయపెట్టడానికి. ఆ భాషలో ఒక తల్లి బిడ్డని పిలవడం మనం వినం. ఒక ముసలాయన చుట్ట కాలుస్తూ కథ చెప్పడం వినం. కాలకేయులకి ఇల్లు, ఊరు, పిల్లలు ఉన్నట్టే తెలియదు. ఒంటికి నల్లరంగు, నోట్లో తెలియని మాట, అంతే, శత్రువు సిద్ధం.

జానపద కథలో ఇవన్నీ వెతకడం ఎందుకని ఎవరైనా అనవచ్చు. దానికి జవాబు మన సినిమాలోనే ఉంది. 1957లో కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి వాళ్ళు రాక్షసులే. వాళ్ళకి పింగళి నాగేంద్రరావు గారు వేరే పలుకుబడి కల్పించారు. అసమదీయులు, తసమదీయులు, గిల్పం, గింబళి, వీరతాళ్ళు. వాళ్ళకి గురువు ఉన్నాడు, చదువు ఉంది, ఆకలి ఉంది, హాస్యం ఉంది. ఆ మాటలు విని మనం భయపడలేదు, ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పటికీ మన ఇళ్ళల్లో వాడుతున్నాం. అంటే తెలియని భాషని ప్రేమగా చూపించడం తెలుగు కథకి చేతకానిది కాదు.

ఇంత పట్టుగా అడగడానికి కారణం మనం ఉన్న చోటు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం ప్రాంతం ఇటు చేరింది. గీత జరిగింది, వీధులు జరగలేదు. బరంపురంలో బడిలో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడుతూ పెరిగే పిల్లలం మనం. కూరగాయల బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది. ఈ ఊళ్ళోనే 1894లో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి గారు 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు. చిన్న తరగతుల్లో పిల్లలకి మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. మాహిష్మతిలో అలాంటిది ఉన్నట్టు కనిపించదు. ఆ దేశంలో మనలాంటి పిల్లలు ఏ బడికి వెళ్ళాలి?

తెలియని భాష ఎదురైతే ఏం చెయ్యాలో చూపించినాయన కూడా ఈ నేల మీదే బతికారు. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. కొండల మీది సవరల మాట చుట్టుపక్కల వాళ్ళకి అర్థం కాని శబ్దం. ఆయన ఆ భాషని పట్టుదలగా నేర్చుకున్నారు, సవర పిల్లలకి బళ్ళు పెట్టారు, వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, తర్వాత నిఘంటువులు వచ్చాయి. కిలికిని సృష్టించడానికి ఎంత తెలివి కావాలో సవర నేర్చుకోవడానికి అంత తెలివీ కావాలి. దానికి తోడు ఎదుటి మనిషి ఇంటికి వెళ్ళి కూర్చునే ఓపిక కూడా కావాలి.

మాహిష్మతిలో అంతా చెడ్డదే అని నేను అనడం లేదు. కాలకేయులతో యుద్ధంలో శత్రువులు జనాన్ని అడ్డం పెట్టుకున్నప్పుడు భల్లాలదేవుడు వాళ్ళని తొక్కుకుంటూ పోయాడు. బాహుబలి వాళ్ళని కాపాడి ముందుకి వెళ్ళాడు. శత్రువు రాజుని ఎవరు చంపారన్నది చూడకుండా, జనాన్ని ఎవరు కాపాడారో చూసి శివగామి రాజుని ఎంచింది. రెండు భాగాల్లోనూ నాకు నచ్చిన తీర్పు అదే. ఆ తీర్పుతోనే మాహిష్మతిని తూచాలి. కాపాడవలసిన జనం లెక్కలో కట్టప్ప ఉన్నాడా? తాడు లాగే కూలీ ఉన్నాడా? కిలికి మాట్లాడే పసిపిల్ల ఉందా?

ఈ పత్రికకి కథలు రాసే స్నేహితులు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు రేపు కొత్త దేశం ఒకటి కడతారు. వాళ్ళకి నా మనవి ఒక్కటే. కోట తర్వాత కట్టండి, ముందు ఒక బడి పెట్టండి. అందులో పొరుగు భాష పిల్లకి కూడా ఒక బల్ల వెయ్యండి. ఆ పిల్ల ఏం మాట్లాడుతుందో మాకు వినిపించండి.