ముందు షట్‌డౌన్, తర్వాతే పానా

భిలాయి ఉక్కు ప్లాంటులో రిటైరైనవాళ్ళకు ఓ అలవాటు పోదు. ఇంట్లో మిక్సీ మొరాయించినా ముందు ప్లగ్గు పీకాకే పానా పడతారు. షట్‌డౌన్ తీసుకుని, కరెంటు ఆపించి, ట్యాగు కట్టాకే మిషను మీద చెయ్యి వెయ్యాలని ముప్ఫయ్యేళ్ళు నేర్చుకున్నవాళ్ళు మరి. 2014 జూన్‌లో గ్యాస్ లీకై ఆరుగురు, 2018 అక్టోబరులో గ్యాస్ పైపులైను దగ్గర పని జరుగుతుండగా పదిమందికి పైగా పోయిన ప్లాంటు ఇది. దాన్ని చాదస్తం అనడానికి నాకు నోరు రాదు.

మా బావగారి పాత క్యామ్రీ హైబ్రిడ్‌కు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్చడానికి కూర్చున్నప్పుడు ఆయనకున్న ఆ అలవాటే పనికొచ్చింది. హైబ్రిడ్ బండి చప్పుడు చేయకుండానే ఆన్‌లో ఉంటుంది. బ్యాటరీ తగ్గితే ఇంజను దానంతటదే లేస్తుంది. అందుకని పవర్ ఆపేస్తే సరిపోదు. తాళం జేబులో పెట్టుకుని బండి కింద దూరితే, లోపల కూర్చున్న పిల్లాడు బ్రేకు తొక్కి బటన్ నొక్కినా బండి లేవొచ్చు. బావగారు తాళాన్ని అక్క చేతికిచ్చి వంటింటికి పంపేశారు. ట్యాగుకు బదులు స్టీరింగుకు అట్టముక్క కట్టారు. బండిని జాకీ మీద వదలకుండా నాలుగు వైపులా స్టాండ్లు పెట్టి, మట్టంగా ఉందో లేదో చూశారు. నారింజరంగు తీగల జోలికి పోలేదు. వాటిలో వందల వోల్టులుంటాయి, ఆయిల్ పనికి వాటితో అవసరమూ లేదు.

ఈ ట్రాన్స్‌మిషన్ పెట్టెకు డిప్‌స్టిక్ ఉండదు. పక్కనున్న పోసే ప్లగ్గే కొలత: నూనె ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. ముందుగా విప్పాల్సిందీ దాన్నే. కింది ప్లగ్గు తీసి నూనంతా కార్చేశాక పైది బిగుసుకుపోయిందని తెలిస్తే, బండి అక్కడే కూర్చుంటుంది!

ఈ పెట్టెలో బెల్టు లేదు, క్లచ్చు లేదు. గేర్లు, రెండు మోటార్లు అంతే. గేర్లను తడిపేదీ, మోటార్ల వేడిని లాగేదీ ఒకటే నూనె. మాన్యువల్ చెప్పిన టొయోటా డబ్ల్యూఎస్ రకమే పోశాం. ‘ఏదైనా ఏటీఎఫ్ నడుస్తుంది సార్’ అన్న దుకాణదారుకు దండం పెట్టి వచ్చేశాం. ఎర్రగా ఉండాల్సిన పాత నూనె నల్లటి కషాయంలా కారింది. ‘జీవితాంతం మార్చక్కర్లేదు’ అనే మాటను భిలాయి మే నెల ఎండలో నమ్మడం నావల్ల కాదు. లక్ష కిలోమీటర్ల లోపు ఓసారి మార్చమంటాను.

కారింది ఎంతో కొలిచి, దాదాపు అంతే పంపుతో ఎక్కించాం. అంచు దాటి పొర్లడం ఆగాక, కొత్త వాషర్లతో రెండు ప్లగ్గులూ బిగించాం. పాత నూనె కాలవలో పొయ్యకుండా క్యానులో పట్టి, వాడేసిన ఆయిల్ తీసుకునే భిలాయి సుపేలాలోని వర్క్‌షాపుకు ఇచ్చాం.