దేవదూత వీపు

బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో యంత్రం ముందు నిలబడే మనిషికి మిల్లీమీటరులో నూరో వంతు కూడా లెక్కే. ఇనుము మాట మీద నిలబడుతుంది. ఇవాళ కోసిన కొలత రేపూ ఉంటుంది. చెక్క అలా కాదు. నరికాక కూడా ఏళ్ల తరబడి ఆరుతుంది, వానలకు ఉబ్బుతుంది, ఎండలకు ముడుచుకుంటుంది. ఆ కదలికను ముందే కనిపెట్టి ఉలి పట్టడమే కొయ్యశిల్పి విద్య. మధ్యయుగపు ఐరోపా చర్చిల్లో బలిపీఠాల దగ్గర నిలిచిన దేవదూతలు ఆ విద్యకు సాక్ష్యం.

దక్షిణ జర్మనీ శిల్పులు లిండెన్ చెట్టు కలపను ఏరుకునేవారు. అది మెత్తన, తేలిక, ఉలికి ఒదుగుతుంది. అయితే ఆరే దుంగ చుట్టూతా ఎక్కువగా, నడిమి వైపు తక్కువగా ముడుచుకుంటుంది. ఆ లాగుడుకే పగుళ్లు పడతాయి. అందుకే విగ్రహం వీపు వైపు నుంచి నడిమి భాగాన్ని తొలిచేసేవారు. ముందు నుంచి చూస్తే నిండైన దేవదూత, వెనక నుంచి చూస్తే తొట్టిలాంటి డొల్ల.

రెక్కలను విడిగా చెక్కి అతికేవారు. నార వాటానికి అడ్డంగా చెక్కిన పలచని రెక్క ఇట్టే విరిగిపోతుంది. తర్వాత తోలు నుంచి కాచిన జిగురులో సుద్ద కలిపి పూత మీద పూత వేసేవారు. నునుపు చేశాక ఎర్రమట్టి పూసి, దాని మీద బంగారు రేకు పరిచి, నున్నటి రాయితో రుద్దేవారు. ఆ ఎరుపు వల్లే బంగారం వెచ్చగా మెరుస్తుంది.

ఈ వరస మనకు కొత్తది కాదు. కొండపల్లిలో బొమ్మల కోసం తెల్లపొనికి కర్రను ఆరబెట్టి, చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నునుపు చేసి, తెల్లపూత వేసి, ఆపై రంగులు దిద్దుతారు. ఒకరినొకరు ఎరుగని రెండు చోట్ల శిల్పులకు పాఠం చెప్పిన గురువు ఒక్కటే: చెక్క.

ఆ జర్మనీ శిల్పుల్లో ఒకడైన టిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1501–1505లో రోథెన్‌బర్గ్ బలిపీఠాన్ని రంగులు లేకుండానే వదిలాడు; కిటికీల్లోంచి జారే వెలుగే అక్కడ రంగు. 1517–1518లో మరో శిల్పి ఫైట్ ష్టోస్ చెక్కిన గాబ్రియేలు దూత, మరియమ్మ న్యూరెంబర్గ్ చర్చిలో పైకప్పు నుంచి వేలాడుతూ ఉంటారు. 1817లో ఆ శిల్పం కిందపడి ముక్కలైంది. ఆ ముక్కలను ఏరి మళ్లీ నిలబెట్టారు. అయిదు శతాబ్దాల వయసున్న కొయ్య ఇవాళ్టికీ మన కళ్ల ముందు ఉందంటే, చెక్కిన చేయితోపాటు కాపాడిన చేతులకూ దండం పెట్టాలి.

కంప్యూటరు నడిపే యంత్రం నేడు రెక్కను ఈక ఈకగా దించగలదు. ఏ కర్ర ఎంతకాలం ఆరాలి, ఎక్కడ తొలవాలి, నార ఎటు సాగాలి అన్నది మాత్రం చెక్కను చేత్తో తడిమిన మనిషే చెప్పాలి. ఆ తెలివి పుస్తకంలోకి పూర్తిగా ఎక్కదు. పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లు ఉంటేనే బతుకుతుంది.

ఎప్పుడైనా మ్యూజియంలో ఇలాంటి దేవదూత ఎదురైతే, వీలుంటే వెనక్కి వెళ్లి చూడండి. అక్కడ బంగారం ఉండదు. ఉలి గాట్లు మాత్రం నిన్ననే పడ్డట్టు ఉంటాయి.