తబలా కింది కుదురు

శివరాత్రికి మేళ్లచెరువు వచ్చినవాళ్లంతా తలెత్తే చూస్తారు. దీపాల ప్రభలు అంత ఎత్తున ఉంటాయి మరి. ఎడ్ల పందేల దగ్గరైతే ముందువాడి భుజం మీద గడ్డం ఆనించి చూడాల్సిందే. శంభులింగేశ్వరుడి జాతరలో కిందికి చూసే తీరిక ఎవరికి ఉంటుంది? భజన దగ్గర కూర్చున్నప్పుడు నా చూపు మాత్రం నేల మీదికే పోతుంది, తబలా కింద ఏం పెట్టారా అని.

కొందరు దాన్ని రింగు అంటారు, కొందరు చుట్ట అంటారు. మా ఇంట్లో కుదురు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టేదీ అదే. బిందె మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే సుట్టబట్ట దానికి చెల్లెలు. చదునైన స్టీలు గిన్నెలొచ్చాక వంటింట్లో కుదురుకు పని పోయింది. తబలా అడుగు మాత్రం ఇంకా గుండ్రంగానే ఉంది కాబట్టి అక్కడ బతికి ఉంది.

బజారులో రంగు గుడ్డ చుట్టినవి దొరుకుతాయి. చెడ్డవని అనను. అయితే అవి ఏదో ఒక కొలతకు చేసినవి, మన తబలాకు చేసినవి కావు. ఇంట్లో కట్టుకోవడం ఒక పూట పని, గడ్డి మంచిది దొరికితే.

సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో గడ్డికేం కరువు అనిపిస్తుంది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు; ఆ నీళ్లు అందినచోటల్లా వరి పెరిగింది. కానీ కోత మిషను నమిలి వదిలిన గడ్డికి పురి ఎక్కదు, పెళపెళా విరుగుతుంది. మిషను తిరగలేని మడి మూలల్లో కొడవలితో కోసిన పొడుగు గడ్డి కావాలి. అది కూడా గింజ మిగలకుండా దులపాలి. ఒక్క గింజ ఉన్నా ఎలుక వెతుక్కుంటూ వస్తుంది.

రాత్రి నీళ్లు చిలకరించి తడి గోనె కప్పితే తెల్లారేసరికి గడ్డి మెత్తబడుతుంది. ఒకరు కొస పట్టుకుంటే ఇంకొకరు గడ్డి అందిస్తూ పురి తిప్పాలి. బొటనవేలంత లావు వెంటి వస్తుంది. ఇక కొలత. తబలాను ఒళ్లో పడుకోబెట్టి, అడుగు నుంచి రెండు వేళ్ల పైన పురికొసతో చుట్టి ముడి వెయ్యాలి. కుదురు లోపలి చుట్టు ఆ ముడి చుట్టు కంటే వేలెడు తక్కువ ఉండాలి. గడ్డి అణిగాక సరిపోతుంది. వెంటిని మూడు చుట్లు తిప్పి, బెత్తెడుకొక కట్టు కట్టి, రెండు రోజులు ఎండబెట్టాకే గుడ్డ చుట్టాలి. తొందరపడితే లోపల బూజు పడుతుంది. గుడ్డ పాత నూలు చీరదే కావాలి, పాలియెస్టరు జారుతుంది. పీలికలు చించి, ఒకదాని మీద సగం ఒకటి పడేలా బిగించి, చివర దబ్బనంతో కుట్టాలి. ఎడమదానికి ఇంకో చుట్టు ఎక్కువ. అది లోహపు బుర్ర, బరువూ ఎక్కువే.

బరువొక్కటే కాదు. ఎడమ చెయ్యి మణికట్టుతో తోలును నొక్కుతూ ముందుకు రాస్తేనే ఆ గుమ్మనే జారుడు స్వరం వస్తుంది. రాసినప్పుడల్లా బుర్ర పక్కకు పోవాలని చూస్తుంది. దాన్ని ఆపేది కుదురే. కుడిదాని కథ వేరు. శృతి చేసేటప్పుడు అంచు మీద సుత్తితో తడుతూ తబలాను కొంచెం కొంచెం తిప్పుకోవాలి. తిరగాలంటే తిరగాలి, వాయిస్తుంటే కదలకూడదు. సుత్తి దెబ్బ కింద రాయికి తగిలినట్టు కాకుండా గడ్డిలో ఇంకిపోవాలి.

విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లోనే మన తాళవాద్యాల మీద నేచర్ పత్రికలో రాశాడు. మామూలు డోలు తోలు నుంచి పొంతన లేని పలుకులు వస్తాయి. తబలా, మృదంగాల మీద మధ్యలో వేసిన నల్లని ముద్ద వాటిని శృతిలోకి తెస్తుందని తేల్చాడు. తోలు మీద అంత నేర్పు పెట్టిన వాద్యాన్ని గచ్చు మీద గలగలలాడించడం నాకు మనసొప్పదు.

మనసొప్పదంటున్నాను గానీ, నేనూ ఒకసారి ఆ పని చేశాను. సిమెంటు ఫ్యాక్టరీల ఊరివాళ్లం కదా, కుదురును కూడా సిమెంటుతో పోస్తే తరతరాలు ఉంటుందనుకున్నాను. బేసిన్లో పోసి, నునుపుగా రుద్ది, మూడు రోజులు తడిపాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఎడమ బుర్ర పెట్టి ఒక్క దెబ్బ వేస్తే స్వరం కంటే ముందు 'జిర్ర్' మంది. ఎంత నునుపు చేసినా బుర్ర రెండు మూడు చోట్లే ఆనింది, మిగతా అంతా సందే. గడ్డి అలా కాదు, ఎక్కడ ఒత్తితే అక్కడ తగ్గి బుర్ర చుట్టూ అంటుకుంటుంది. ఆ సిమెంటు కుదురు ఇప్పుడు గుమ్మం పక్కన తులసి కుండీ కింద ఉంది.

మొన్నటి శివరాత్రికి కొత్తది కట్టాను. పైన మా అమ్మ పాత పోచంపల్లి చీర పీలికలు. భజన మధ్యలో పక్కింటి పెద్దమ్మ వంగి వంగి చూసింది. తబలా బాగుందంటుందేమో అనుకున్నాను.

"ఇది మీ అమ్మ చీరె కదరా! నా దగ్గర కూడా ఇట్లాంటిదే ఉండె" అంది.

చిరిగిందా అని అడిగాను.