జిప్పు విప్పిన పసుపు జెర్సీ

టూర్ డి ఫ్రాన్స్‌ను ఎవరికైనా పరిచయం చెయ్యాలంటే ముందు దాని నస గురించే చెప్పాలి. జూలైలో మూడు వారాలు, 21 స్టేజీలు. మన గడియారం ప్రకారం సాయంత్రం మొదలై రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో ముగిసే ఒక్కో స్టేజీలో ముప్పాతిక భాగం ఏమీ జరగదు. పైనుంచి హెలికాప్టర్ పొద్దుతిరుగుడు తోటల్నీ, చర్చి గోపురాల్నీ, పాత కోటల్నీ తీరిగ్గా చూపిస్తుంది. కింద రంగురంగుల గుంపొకటి మలుపులు తిరుగుతూ పోతుంటుంది. దాన్నే పెలోటాన్ అంటారు. ఓపిక లేనివాళ్లు మర్నాడు హైలైట్స్ చూసుకుంటారు. రసికులు మాత్రం ఆ ఖాళీ గంటల్ని వదులుకోరు. పాత్రల ఒంట్లో అలసట పోగుపడేది ఆ గంటల్లోనే.

ఈ నాటకానికి ఇరుసు గాలి. ముందున్నవాడి వెనక నక్కి తొక్కితే గాలి భారంలో పెద్ద వాటా వాడే మోస్తాడు. అందుకే బల్లపరుపు రోడ్డుమీద ఎవడి సత్తా ఎంతో బయటపడదు. కొండ మొదలయ్యాక వేగం పడిపోతుంది, గాలి చాటు అంతగా అక్కరకు రాదు. అప్పుడిక ఎవడి కాళ్లు వాడివే. అక్కడైనా ఎవడూ ఉన్నది ఉన్నట్టు పైకి కనిపించనివ్వడు. డస్సిపోయాడని ప్రత్యర్థి పసిగడితే మరుక్షణం అటాక్ చేస్తాడు, అంటే ఒక్కసారిగా వేగం పెంచి విడిపోతాడు. కాబట్టి నొప్పిని నవ్వుతో కప్పేవాళ్లుంటారు. ఊపిరి అందకపోయినా నోరు మూసుకుని తొక్కేవాళ్లుంటారు.

మన అలంకారికులు అనుభావాలని ఒకటి చెప్పారు. లోపలి భావాన్ని బయటికి తెలిపే చూపులు, చేష్టలు అవి. రంగస్థలం మీద నటుడు లేని భావానికి అనుభావాలు తెచ్చిపెట్టుకుంటాడు. ఇక్కడ రేసర్ ఉన్న భావానికి అనుభావాలు లేకుండా చేసుకుంటాడు. అయితే చెమట, వణుకు, ముఖం పాలిపోవడం లాంటి సాత్త్విక భావాలు మనిషి మాట వినవు. ఎంత అణిచినా ఎక్కడో ఒకచోట పైకి తన్నుకొస్తాయి. భుజం ఒక పక్కకి ఒరుగుతుంది. మోచేతులు బయటికి పోతాయి. పెదవుల చుట్టూ ఉప్పు తేలుతుంది. టూర్ అభిమాని మూడు వారాలూ కళ్లలో వత్తులు వేసుకుని వెతికేది వీటినే. గెలుపు గీత దగ్గర తేలేది ఫలితం. రసం పుట్టేది అంతకుముందెప్పుడో, ఒక మనిషి తనను తాను దాచుకోలేకపోయిన చోట.

2022 జూలై 13న జరిగింది ఇదే. 11వ స్టేజీ, ఆల్బెర్విల్ నుంచి కోల్ దు గ్రనోన్ శిఖరం దాకా. మొత్తం రేసులో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ తదేయ్ పొగచార్ ఒంటిమీద ఉంది. అప్పటికే రెండేళ్లు వరుసగా గెలిచిన స్లొవేనియా కుర్రాడు, వయసు 23. అతని వెనక 39 సెకన్ల దూరంలో డెన్మార్క్ వాడు యోనాస్ వింగెగార్డ్. ఒకప్పుడు రేవులో చేపలు పెట్టెలకెత్తే పని చేసినవాడు, ఎక్కువ మాట్లాడడు. పొగచార్ సహచరులిద్దరు కోవిడ్‌తో అప్పటికే ఇంటిదారి పట్టారు. వింగెగార్డ్ జట్టు యుంబో–విస్మాలో ప్రిమోష్ రోగ్లిచ్ కూడా ఉన్నాడు. అంతకు రెండేళ్ల ముందు, పారిస్‌కు ముందురోజు ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్లో, 57 సెకన్ల ఆధిక్యం ఉండి కూడా ఇదే పొగచార్ చేతిలో పసుపు జెర్సీ పోగొట్టుకున్నవాడు. ప్రతినాయకుడి శిబిరంలో పాత బాకీ కూడా ఉందన్నమాట.

గ్రనోన్‌కు ముందు టెలిగ్రాఫ్, ఆపైన 2,642 మీటర్ల గాలిబియే. అక్కడ యుంబో వాళ్లు పథకం బయటపెట్టారు. రోగ్లిచ్ అటాక్ చేశాడు, పొగచార్ లేచి అందుకున్నాడు. ఊపిరి తీసుకునేలోగా వింగెగార్డ్ చేశాడు, మళ్లీ అందుకున్నాడు. మళ్లీ రోగ్లిచ్. మళ్లీ వింగెగార్డ్. తోడెవరూ లేని పొగచార్ ఎవరినీ పోనివ్వలేదు. పైగా కెమెరా వైపు తిరిగి నవ్వాడు. అభిమానులు రెండుగా చీలింది ఆ నవ్వు దగ్గరే. సగంమందికి అది వీరరసానికి పరాకాష్ఠ. మిగతావాళ్లకు అందులో ఏదో తేడా కొట్టింది. అన్ని అటాక్‌లకీ తనే జవాబివ్వాలా? ఒకదాన్నైనా పోనిచ్చి నెమ్మదిగా అందుకోకూడదా? ఆ పట్టుదల బలమా, గర్వమా? అలంకారశాస్త్రం నిగ్రహం గల ధీరోదాత్తుడనీ గర్వంతో రేగే ధీరోద్ధతుడనీ నాయకుల్ని వేరువేరుగా లెక్కపెట్టింది గానీ, గాలిబియే మీద ఆ గంటలో ఇద్దరూ ఒకే సైకిల్ మీద ఉన్నారు.

తర్వాత గ్రనోన్ వచ్చింది. 11.3 కిలోమీటర్లు, సగటున నూటికి తొమ్మిది మీటర్లకు మించిన ఎక్కుడు. 1986 తర్వాత టూర్ ఇక్కడికి రావడం అదే. ఆనాడు బెర్నార్ ఇనోను దాటి గ్రెగ్ లెమాండ్ పసుపు జెర్సీ తొడుక్కున్నదీ ఈ కొండమీదే. శిఖరం ఇంకో అయిదు కిలోమీటర్లు ఉందనగా వింగెగార్డ్ పెడల్ మీద లేచాడు. అరవై కిలోమీటర్లుగా అన్నిటికీ జవాబిచ్చినవాడు ఈసారి లేవలేదు. అంతే. పడిపోలేదు, కేకెయ్యలేదు, తల మాత్రం కాస్త ముందుకు వాలింది. జెర్సీ జిప్పు పూర్తిగా విప్పేశాడు. పసుపు బట్ట రెండు పక్కలా గాలికి రెపరెపలాడింది. అప్పటిదాకా కవచంలా కనిపించిన జెర్సీ ఒంటిమీద నిలవని ఉత్తరీయంలా కనిపించింది. గెరెంట్ థామస్, దావిద్ గోదూ, ఆడమ్ యేట్స్ ఒక్కొక్కరే పక్కనుంచి దాటిపోయారు. అతను ఎవరి వంకా చూడలేదు.

రెండు నిమిషాల 51 సెకన్లు. అతను గీత చేరేసరికి వింగెగార్డ్ గెలిచి అంతసేపైంది. పసుపు జెర్సీ చేతులు మారింది. అంకె చిన్నదే గానీ, తెరమీద అది ఒక్కో సెకను చొప్పున పెరుగుతుంటే చూసినవాళ్లకు అదొక అంకం. వీరం కరుణంలోకి జారే చోటు ఎక్కడో వేలుపెట్టి చూపలేం. ఇక్కడ మాత్రం అది జిప్పు దగ్గరుంది.

ఈ నాటకానికి టికెట్ లేదు, తెర లేదు. ఆల్ప్స్ మలుపుల్లో క్యాంపర్ వ్యాన్లు రోజుల ముందే చేరతాయి. రోడ్డు మీద రంగుతో పేర్లు రాస్తారు. తమవాడు కనబడేది అర నిమిషమని తెలిసీ ఎండలో పడిగాపులు కాస్తారు. మోటార్ సైకిల్ వెనక కూర్చున్న మనిషి పలక మీద చూపించే సమయాల తేడా చదివి, చూడని భాగాన్ని మనసులోనే ఆడించుకుంటారు. బాగా ఆలస్యంగా, గడువు దాటితే ఇంటికే అన్న భయంతో వచ్చే చివరి గుంపుకీ చప్పట్లు కొట్టి మరీ కదులుతారు. ఒక్కోసారి ఈ ప్రేమే నాటకాన్ని మింగేస్తుంది. 2016లో వాంతూ కొండమీద జనం రోడ్డుకడ్డంగా నిండిపోతే కెమెరా మోటార్ సైకిల్ ఆగింది, రిచీ పోర్ట్ దాన్ని గుద్దుకున్నాడు, వెనకే వచ్చిన క్రిస్ ఫ్రూమ్ సైకిల్ విరిగింది. పసుపు జెర్సీ వేసుకున్న మనిషి సైకిల్ లేకుండా కొండమీదికి పరుగెత్తడం లోకమంతా చూసింది. అది అద్భుతమో హాస్యమో ఇప్పటికీ తేలదు.

గ్రనోన్ అయిన ఎనిమిది రోజులకు పిరనీస్ కొండల్లో ఇంకో అంకం. పొగచార్ ఊరుకోలేదు, చిక్కిన ప్రతి చోటా అటాక్ చేశాడు. స్పాండెల్ కొండ దిగుతుండగా అతని దూకుడుకు మొదట వింగెగార్డ్ సైకిల్ అదుపు తప్పి ఎలాగో నిలబడింది. కాసేపటికే పొగచార్ కంకరలో జారి పడ్డాడు. లేచి వెనకపడి తొక్కుతుంటే, ముందున్న వింగెగార్డ్ వేగం తగ్గించాడు. దగ్గరకొచ్చిన పొగచార్ చెయ్యి చాచాడు. కదులుతున్న సైకిళ్ల మీదే ఇద్దరూ చేతులు కలిపారు. ఆపైన ఒటకామ్ ఎక్కుడులో అదే వింగెగార్డ్ అతన్ని నిమిషానికి పైగా వెనక్కి నెట్టి గెలిచాడు. దయ వేరు, పోరు వేరు. రెండూ ఒకే మధ్యాహ్నం, ఒకే మనిషిలో కనబడ్డాయి. ఈ రేసు నాయకుణ్ణీ ప్రతినాయకుణ్ణీ ఎక్కువసేపు ఆ పేర్లతో ఉండనివ్వదు.

ఈ రసానికి విఘ్నమూ ఉంది. అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాల్లో మొదటిది, చూస్తున్నది సంభవమేనన్న నమ్మకం కుదరకపోవడం. 1999 నుంచి 2005 దాకా లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్లనూ డోపింగ్ కారణంగా 2012లో కొట్టేశారు. అప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుని చూసినవాళ్ల కన్నీళ్లను మాత్రం ఎవరూ వాపసు చెయ్యలేదు. అప్పట్నుంచీ ఎవడైనా కొండమీద మరీ తేలిగ్గా ఎగిరిపోతుంటే అభిమాని మనసు ఒక్క క్షణం వెనకాడుతుంది. విరిగిపోయేవాణ్ణి చూసినప్పుడు ఆ సందేహం ఉండదు. గెలుపులో మోసం ఉండొచ్చు గానీ, ఆ రెపరెపలాడే జెర్సీలో ఏం మోసం ఉంటుంది? బహుశా అందుకే ఈ తరం అభిమానులు పొగచార్ గెలుపులన్నిటికంటే గ్రనోన్‌నే ఎక్కువగా తలుచుకుంటారు.

ఆటలో మజా అంతా ఎవరు గెలుస్తారో తెలియకపోవడంలోనే ఉందంటారు. అదే నిజమైతే గ్రనోన్ వీడియో మళ్లీ చూడాల్సిన పని లేదు. 2020 నుంచి 2025 దాకా టూర్ ఈ ఇద్దరి చేతులు దాటలేదని, అందులో పొగచార్‌కు నాలుగు, వింగెగార్డ్‌కు రెండు దక్కాయని తెలిసినవాళ్లే ఆ అయిదు కిలోమీటర్లను మళ్లీ మళ్లీ పెట్టుకుని చూస్తారు. రాయబారం పద్యాలన్నీ కంఠతా వచ్చినవాళ్లే తెల్లవార్లూ కూర్చుని వన్స్ మోర్ అని అరిచినట్టు. ఫలితం తెలిశాక మిగలనిది వార్త. తెలిశాకే చిక్కబడేది రసం. ఒక రేసు కళ అవునో కాదో తేల్చడానికి ఇంతకంటే గట్టి పరీక్ష లేదు, గ్రనోన్ అందులో నెగ్గింది.