చెక్కుబందీలో దొరికిన ఇల్లు

తూర్పు: కోటయ్యగారి పెంకుటిల్లు, 42 అడుగులు. దక్షిణం: రథం వీధి, 24 అడుగులు. పడమర: మా ముత్తాత పేరు, ఆ పక్కన ‘గారి నివేశన స్థలం, మధ్య గోడ ఉభయుల ఉమ్మడి’, 42 అడుగులు. ఉత్తరం: పెరటి సందు, 24 అడుగులు. ఈ మధ్య ఉన్న 112 చదరపు గజాల స్థలం, అందులోని తాటాకిల్లు, నుయ్యి, నడక దారి.

సుమారు తొంభై ఏళ్ల కిందటి క్రయ దస్తావేజు నకల్లో నేను చదివిన చెక్కుబందీ ఇది. ఆ దస్తావేజు మాది కాదు, పక్కింటివాళ్లది. మా ఇంటి కాగితాలు చెదలు తినేసి చాలా ఏళ్లయింది. కృష్ణా డెల్టాలోని ఆ ఊళ్లో మా తాతయ్య పుట్టిన ఇల్లు ఏ వీధిలో ఉండేదో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆ ఇల్లు ఎక్కడుందో చివరికి చెప్పింది ఎవరో అమ్ముకున్న స్థలానికి పడమటి హద్దు. అప్పట్నుంచీ చెక్కుబందీ అంటే నాకు కాగితం మీది నాలుగు పంక్తులు కావు. అది పనితనం ఎరిగిన చేతులు తరతరాలుగా చెక్కుకుంటూ వచ్చిన పనిముట్టు.

దాని నిర్మాణం చూడండి. ముందు తూర్పు, తర్వాత దక్షిణం, పడమర, ఉత్తరం. అంటే రాసేవాడు స్థలం చుట్టూ ప్రదక్షిణం చేస్తాడు. ఈ క్రమం నిన్నమొన్నటిది కాదు. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల్లో దానమిచ్చిన ఊరి ఎల్లలు చెప్పేటప్పుడూ తూర్పుతోనే మొదలుపెట్టి ఇలాగే చుట్టి వస్తారు. శాసనం సంస్కృతంలో సాగుతున్నా, ఎల్లల దగ్గరికి వచ్చేసరికి చింతచెట్టు, పుట్ట, చెరువు లాంటి నేలమీది గుర్తులూ, ఊళ్ల తెలుగు పేర్లూ కనిపిస్తాయి. ఎల్ల తెలియాల్సింది ఆ నేల మీద నడిచేవాడికి. అందుకే అతను కంటితో పోల్చుకోగలిగిన గుర్తునే రాశారు. దస్తావేజు లేఖరి చేసేదీ అదే. ఒక్కో వైపుకు మూడు సంగతులు చెబుతాడు: ఆనుకుని ఉన్నది ఎవరిది, అది ఎలాంటిది (ఇల్లా, దొడ్డా, దారా), హద్దు పొడవెంత. అడ్డం 24, నిలువు 42 అడుగులు, గుణిస్తే 1008 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 112 గజాలు. విస్తీర్ణం విడిగా రాయడం వల్ల కొలతల్లో ఒక అంకె తప్పుపడినా బయటపడిపోతుంది. కాగితం తనను తానే సరిచూసుకునే ఏర్పాటు ఇది.

1908 రిజిస్ట్రేషన్ చట్టం ఈ అలవాటునే శాసనం చేసింది. పట్టణంలోని ఇంటిని ఎలా వర్ణించాలో 21వ సెక్షన్ చెబుతుంది: ఏ వీధికి ఏ వైపున ఉందో రాయాలి, ఇప్పుడు ఎవరు ఉంటున్నారో, అంతకుముందు ఎవరు ఉండేవారో రాయాలి, వీధిలో ఇళ్లకు నంబర్లు ఉంటే ఆ నంబరూ రాయాలి. నంబరు ప్రస్తావన చివర్న, అదీ ఉంటేనే. ఈ వరుసలోని వివేకం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. డోర్ నంబరును మునిసిపాలిటీ ఎప్పుడైనా మార్చగలదు. వార్డులు విడిపోతాయి, బ్లాకులు కలుస్తాయి, ఒక ఇల్లు మూడు వాటాలైతే వెనక బై నంబర్లు పుట్టుకొస్తాయి. విజయవాడలోనో హైదరాబాదులోనో మూడు సంఖ్యల గుచ్ఛంగా కనిపించే ఇంటి నంబరును పట్టుకుని యాభై ఏళ్లు వెనక్కి నడవబోతే, అది చాలాసార్లు వేరే గుమ్మం ముందు నిలబెడుతుంది. ‘వీధికి ఉత్తరపు వైపు, ఫలానావారి ఇంటికి పడమర’ అన్న మాట అలా చెరిగిపోదు.

ఇక ఈ కాగితాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పాలి. స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి. దానికి రెండు సూచికలు. మొదటిది మనుషుల పేర్లది: రాసిచ్చినవారు, రాయించుకున్నవారు. రెండోది ఆస్తులది. పేరు తెలిస్తే ఒక తలుపు, ఊరూ వీధీ తెలిస్తే ఇంకో తలుపు. ఏ తలుపు తీసినా చేరేది అదే దస్తావేజుకు. వంశచరిత్ర వెతికేవాళ్లకు అంతకన్నా మేలు చేసేది 57వ సెక్షన్: రుసుము కట్టి అడిగితే ఒకటో పుస్తకాన్నీ దాని సూచికలనూ ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఆస్తిలో వాటా ఉండనక్కర్లేదు. వీలునామాల పుస్తకం మాత్రం వేరు, రాసినవారు బతికున్నంతకాలం దాని నకలు వాళ్లకో వాళ్ల ఏజెంట్లకో తప్ప ఇవ్వరు. 1983 నుంచి ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) కంప్యూటర్లో వస్తాయి. అంతకు ముందువాటికి పాత సంపుటాలే దిక్కు. పేరు దొరక్కపోతే ఇంటిపేరుతో, అసలు పేరుతో, వాడుక పేరుతో కూడా చూడాలి. మగవాళ్ల పేర్లతో ఆగిపోవద్దు, పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఇళ్లు ఆడపడుచుల పేర్ల మీదే ఉంటాయి.

దస్తావేజులో మనిషిని పరిచయం చేసే తీరూ గమనించదగ్గది. పేరుతో పాటు నివాసం, వృత్తి, తండ్రి పేరు ఉండాలి. తల్లి పేరుతో పిలవబడే మనిషైతే తల్లి పేరు రాయాలని చట్టమే చెబుతోంది. ఇల్లు వెతుక్కుంటూ వెళ్లినవాడికి వంశవృక్షంలో ఒక కొమ్మ ఉచితంగా దొరుకుతుంది.

ఒక్క నకలు దొరికితే పని మొదలైనట్టే గాని పూర్తయినట్టు కాదు. అసలు హస్తకళ ఇక్కడుంది. నేను చేసిన పద్ధతి ఇది. ప్రతి దస్తావేజుకు ఒక అట్టముక్క తీసుకుని, అంగుళానికి పది అడుగుల చొప్పున కొలిచి కత్తిరించాను. నాలుగు అంచుల మీదా నాలుగు హద్దులు రాసి, మధ్యలో దస్తావేజు సంవత్సరం వేశాను. తర్వాత ముక్కలు జోడించడం. కోటయ్య ఇంటికి పడమటి హద్దు మన ముక్క యజమాని అయితే, మన ముక్క తూర్పు హద్దు కోటయ్య కావాలి. పేర్లు రెండూ ఒకదాన్నొకటి పలకాలి, ఉమ్మడి అంచు పొడవులు కలవాలి, గోడ ఉమ్మడిదని ఒకరు రాస్తే రెండోవారూ అలాగే రాసి ఉండాలి. మూడూ కుదిరితే కుట్టు పడింది. ఒక పేరు మీద మాత్రమే ఆధారపడి కుట్టకూడదు. ఒకే వీధిలో ముగ్గురు వెంకటస్వాములు ఉండడం మన ఊళ్లలో వింత కాదు.

కొన్ని ముక్కలు మొండికేస్తాయి. 1950ల దస్తావేజులో ఉత్తరపు హద్దుగా కనిపించే మనిషి అప్పటికి పాతికేళ్ల క్రితమే పోయి ఉండవచ్చు. లేఖరి అదే ఆస్తి మునుపటి దస్తావేజును (లింకు దస్తావేజు) ముందు పెట్టుకుని పాత హద్దును యథాతథంగా దించేస్తాడు. దీన్ని పొరపాటనుకుని విసుక్కున్న రోజులున్నాయి నాకు. ఇప్పుడు దాన్ని పొరుగు వీధుల శిలాజంలా చూస్తాను. తిరగరాతలో మారకుండా మిగిలిన ఆ పేరే అంతకుముందు తరం పటాన్ని మనకు అందిస్తోంది. జాగ్రత్తపడే లేఖరులు ‘పూర్వం ఫలానావారిది, ప్రస్తుతం వారి వారసులది’ అని రెండు కాలాలనూ ఒకే పంక్తిలో పెడతారు. అలాంటి పంక్తి ఎదురైతే పండగే. ఆఖర్న ఏ పుటలో ఏ పంక్తిలో ఎన్ని కొట్టివేతలు, ఎన్ని దిద్దుబాట్లు ఉన్నాయో లెక్క చెప్పి, తన పేరు రాసి సంతకం పెట్టే ఆ మనిషి మీద నాకున్న గౌరవం మాటల్లో పెట్టలేను.

కుట్టు పడని చోట్లు కొన్ని ఉంటాయి, వాటికి కారణమూ ఉంది. వంద రూపాయల లోపు క్రయాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నోటిమాట మీద పంచుకున్న ఇళ్లకు కాగితమే ఉండదు. అప్పుడు ఆ ఖాళీని చుట్టూ ఉన్న ముక్కలే చూపిస్తాయి, కుండ పెంకులు అతికించేటప్పుడు పోయిన పెంకు ఆకారం తెలిసినట్టు.

పల్లెల్లో పని ఇంకొంచెం కష్టం. పొలాలకు సర్వే నంబర్లు, ఎఫ్‌ఎంబీలు (పొలం కొలతల పుస్తకాలు) ఉన్నాయి. 66 అడుగుల గొలుసును వంద లింకులుగా భాగించి, పొలానికి అడ్డంగా ఒక ఆధార రేఖ తీసి, దానినుంచి ప్రతి మూలకూ లంబంగా దూరం కొలిచి గీసిన పటాలవి. వాటిలో ఊరు మాత్రం గ్రామకంఠం అన్న ఒక్క నంబరు కింద ఉండిపోయేది. చుట్టూ గీత, లోపల తెలుపు. ఆ తెలుపులో మన ఇల్లు ఎక్కడుందో చెప్పగలిగింది చెక్కుబందీ ఒక్కటే. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లు ఎగరేసి ఆ లోపలి భాగాన్ని కొలవడం మొదలుపెట్టారు. మారిషస్‌లోనో ఫిజీలోనో ఉన్న తెలుగువాళ్లకు వాళ్ల ముత్తాతల వలస పత్రం ఊరి పేరు దాకా తీసుకొస్తుంది. గ్రామకంఠం గీత దగ్గర ఆగి, అక్కణ్నుంచి వాళ్లూ పొరుగువారి హద్దులు పట్టుకోవాల్సిందే. హైదరాబాదు పాతబస్తీవాళ్లది వేరే భాగ్యం. 1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో 1912, 1915 మధ్య నగరాన్ని కొలిచి గీసిన పెద్ద స్కేలు పటాల్లో ఇళ్లకు ఇళ్లే కనిపిస్తాయి.

మా సంగతికి వస్తే, ఇల్లు ఎక్కడుందో పక్కింటి నకలు చెప్పింది, ఇల్లు ఎలా ఉండేదో భాగపరిష్కార దస్తావేజు చెప్పింది. మా ముత్తాత తమ్ముడి పేరు మీద సూచికలో అది కనిపించింది. అమ్మకం కాగితం ఇంటిని బయటినుంచి చూస్తుంది, పంపకం కాగితం లోపల నడుస్తుంది. వీధి అరుగు, సావడి, మండువా, దాని చుట్టూ పంచలు, పడమటి గది, వంటిల్లు, పెరడు. అన్నకు తూర్పు వాటా, తమ్ముడికి పడమటి వాటా. మండువాలో పడిన వాననీరు ఏ తూమునుంచి పోవాలో రాశారు. సావడి దూలాన్ని ఎవరూ కోయకూడదని రాశారు. నుయ్యి ఇద్దరూ వాడుకోవాలి, అది తూర్పు ఉమ్మడి గోడకు 6 అడుగుల పడమరగా, ఉత్తరపు ప్రహరీకి 9 అడుగుల దక్షిణంగా ఉంది. అన్నదమ్ములు విడిపోతూ రాయించుకున్న ఆ కాగితం చదువుతుంటే, నేనెన్నడూ చూడని ఇంట్లో దీపం పట్టుకుని గది గదికీ తిరిగినట్టయింది.

అట్టముక్కలు పట్టుకుని ఆ వీధికి వెళ్లాను. రథం వీధి పేరు ఇప్పుడు వేరు. వీధి తూర్పు కొసన గుడి ప్రహరీ మాత్రం ఉంది, పడమటి కొసన సందూ ఉంది. గుడివైపునుంచి నా ముక్కల వెడల్పులు 18, 27, 24, చివర్న మాది 30. మొత్తం 99 అడుగులు. టేపు వేస్తే ప్రహరీనుంచి సందు దాకా 101 వచ్చింది. రెండడుగులు ఎక్కువ. ఎక్కడో కుట్టు తప్పిందనుకుని నకళ్లన్నీ మళ్లీ చదివాను. గుడిని ఆనుకున్న మొదటి ఇంటి దస్తావేజులో, తూర్పు హద్దు తర్వాత నేను కంగారులో దాటేసిన మాటలున్నాయి: ‘ఇంటికీ ప్రహరీకీ మధ్య చూరు నీళ్లు పడే జాగా 2 అడుగులు.’

ప్రహరీనుంచి 71 అడుగుల దగ్గర సుద్దతో గీత గీశాను. అక్కడినుంచి సందు దాకా ఇప్పుడు రెండంతస్తుల మేడ, కింద మందుల షాపు. యజమానికి కాగితాలు చూపిస్తే ఆయన నన్ను వెనక్కి తీసుకెళ్లారు. ఉత్తరపు గోడనుంచి తొమ్మిదడుగులు, తూర్పు గోడనుంచి ఆరడుగులు కొలిస్తే టేపు చివర ఒక గుండ్రటి సిమెంటు పలక మీద ఆగింది. పలకకు మధ్యలో కన్నం, అందులోంచి పైకొచ్చిన గొట్టం, దాని పక్కన మోటారు. కింద నుయ్యి ఉందని, ఎండాకాలంలో కూడా నీళ్లు తగ్గవని ఆయన చెప్పి, స్విచ్చి వేసి చూపించారు.