‘ఎరోయికా యోరి ఐ ఓ కొమెతే’: సాహసకథలో ఏకపక్ష ప్రణయం - పరిశీలన

వ్యాససంగ్రహం:
జపనీయ బాలికల బొమ్మల కథల్లో అవోయికే యాసుకో రచించిన ‘ఎరోయికా యోరి ఐ ఓ కొమెతే’ దీర్ఘకాలం నడిచిన ధారావాహిక. ఒక కళాచోరుడు ఒక సైనిక గూఢచారిని ప్రేమించడం, ఆ ప్రేమ ఎన్నటికీ అంగీకారం పొందకపోవడం దీని ఇతివృత్తం. ఈ అసంపూర్ణతను కొందరు పాఠకులు రచయిత్రి తప్పించుకున్న తీరుగా భావించే అవకాశం ఉంది. అయితే సాహసకథను, ప్రణయకథను ఒకే నిర్మాణంలో నిలిపినది ఆ అసంపూర్ణతే అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందులోని హాస్యం ఎవరిని లక్ష్యంగా చేసుకుందో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: షోజో మాంగా, పురుషప్రణయం, సాహసకథ, రసాభాసం, హాస్యం, ప్రచ్ఛన్నయుద్ధం.

1. ఉపోద్ఘాతం:
జపానులో బాలికలను ఉద్దేశించి వెలువడే బొమ్మల కథలను ‘షోజో మాంగా’ అంటారు. 1948లో జన్మించిన అవోయికే యాసుకో 1976లో ఈ శాఖలో ‘ఎరోయికా యోరి ఐ ఓ కొమెతే’ (ఎరోయికా నుండి ప్రేమతో) అనే ధారావాహికను ప్రారంభించింది. అకితా షోతెన్ సంస్థవారి ‘ప్రిన్సెస్’ వర్గపు పత్రికల్లో వెలువడుతూ, మధ్యలో కొన్నేళ్లు ఆగి, ఇది ముప్పైకి పైగా సంపుటాలుగా విస్తరించింది.

శీర్షికలోనే పరిహాసం ఉంది. 1963 నాటి జేమ్స్ బాండ్ చలనచిత్రం ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ పేరుకు ఇది అనుకరణ. ఆ చిత్రంలో ప్రేమ గూఢచర్యానికి ఎర. అవోయికే కథలో గూఢచర్యమే ప్రేమకు సాకు. ఈ తలకిందులు చేయడంలోనే రచన స్వభావం తెలుస్తుంది.

2. నేపథ్యం - విషాదం నుండి హాస్యానికి:
షోజో మాంగాను 1970లలో మలుపు తిప్పిన రచయిత్రులను ‘24వ సంవత్సరపు బృందం’గా వ్యవహరిస్తారు. షోవా శకంలో 24వ ఏడు అంటే 1949. ఆ ఏటి చుట్టుపక్కల పుట్టినవారు కావడం వల్ల ఈ పేరు వచ్చింది. వీరిలో హగియో మోతో 1974లో ‘తోమా నో షింజో’ను, తకెమియా కెయికో 1976లో ‘కజె తొ కి నో ఉతా’ను ప్రారంభించారు. రెండింటికీ ఐరోపాలోని బాలుర వసతి పాఠశాలలే రంగస్థలం. మొదటిది ఒక బాలుని మరణంతో మొదలవుతుంది. రెండవది ప్రధానపాత్ర గిల్బర్ట్ మరణం వైపు సాగుతుంది. పురుషుల మధ్య ప్రేమ అందమైనదే గాని బతకలేనిది అన్న భావం ఈ కథల్లో బలంగా ఉంది.

‘కజె తొ కి నో ఉతా’ మొదలైన ఏడాదే ‘ఎరోయికా’ కూడా మొదలైంది. ఇందులో ప్రేమించే పురుషుడు చనిపోడు, పశ్చాత్తాపపడడు, తన కోరికను దాచుకోడు. గ్లోరియా ప్రభువైన డోరియన్ రెడ్ పగలు ఆంగ్లేయ కులీనుడు, రాత్రి ‘ఎరోయికా’ అనే కళాచోరుడు. బంగారు ఉంగరాల జుట్టుతో కనిపించే ఈ పాత్రకు లెడ్ జెప్లిన్ బృందపు గాయకుడు రాబర్ట్ ప్లాంట్ రూపం ఆధారం. బాలికల పత్రికలో ఇటువంటి పాత్రను సంతోషంగా బతకనివ్వడమే ఆనాటికి ఒక సాహసం.

3. వెంటాట - నిర్మాణసూత్రం:
తొలి కథ ప్రణాళిక వేరు. అందులో అసాధారణ శక్తులు గల ముగ్గురు యువజనులు ప్రధానపాత్రలు. డోరియన్ వారికి ప్రత్యర్థి. వారిలో సీజర్ అనే అందమైన యువకునిపై అతని మనసు పడుతుంది. నాటో గూఢచారి మేజర్ క్లౌస్ హైంట్స్ ఫోన్ డెమ్ ఎబెర్‌బాఖ్ ప్రవేశించిన తరువాత ఆ ముగ్గురూ కథ నుండి తొలగిపోయారు. లొంగిపోయే అవకాశమున్న సుకుమారుడి స్థానంలో ఎన్నటికీ లొంగని కఠినుడు వచ్చాడు. ధారావాహికకు దాని రూపం దొరికినది ఇక్కడే.

క్లౌస్ పశ్చిమ జర్మనీవాడు, బాన్‌ను కేంద్రంగా చేసుకొని పనిచేసేవాడు. అతని కింద ఇరవైయారుగురు గూఢచారులు ఉంటారు. వారికి పేర్లుండవు, రోమన్ వర్ణమాలలోని అక్షరాలే ఉంటాయి. తప్పు చేసినవారిని అలాస్కాకు పంపుతానని అతడు బెదిరిస్తూ ఉంటాడు. రహస్యసమాచారం తరచుగా ఒక కళావస్తువుతో ముడిపడి ఉంటుంది. క్లౌస్‌కు సమాచారం కావాలి. డోరియన్‌కు కళావస్తువు కావాలి, దానితోపాటు క్లౌస్ కూడా కావాలి. అందువల్ల ఇద్దరూ ఒకే చోటికి చేరక తప్పదు.

సాహసకథ వెంటాటపై నిలుస్తుంది. నెరవేరని ప్రణయకథ కూడా వెంటాటపైనే నిలుస్తుంది. అవోయికే ఈ రెండు వెంటాటలను ఒకే దారిలో నడిపింది. సాధారణంగా సాహసకథలో ప్రణయం విరామఘట్టం. ఇందులో ప్రణయాన్ని తొలగిస్తే డోరియన్ ఆ దేశానికి, ఆ రైలుకు, ఆ కోటకు రావడానికి కారణమే మిగలదు. క్లౌస్ ఒప్పుకుంటే రెండు కథలూ ఒకేసారి ముగిసిపోతాయి. కాబట్టి అతని నిరాకరణను కథనానికి చోదకశక్తిగా గుర్తించవలసి ఉంటుంది.

4. రసాభాసమా?:
ఏకపక్ష ప్రణయాన్ని భారతీయ ఆలంకారికులు నిశితంగా చర్చించారు. ఇద్దరిలో ఒకరియందే ఉన్న రతి రసస్థితిని అందుకోదని, అది రసాభాసమని వారి అభిప్రాయం. సీతపై రావణుని కోరికను అభినవగుప్తుడు ఇందుకు ఉదాహరణగా చర్చించి, అటువంటి శృంగారాభాసం హాస్యానికి దారితీస్తుందని వివరించాడు. శృంగారం నుండి హాస్యం, వీరం నుండి అద్భుతం పుడతాయని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. ‘ఎరోయికా’లో ఈ రెండు జంటలూ కలిసి కనిపిస్తాయి. క్లౌస్ వీరం అద్భుతఘట్టాలను, డోరియన్ శృంగారం హాస్యఘట్టాలను కల్పిస్తాయి.

అయితే ఈ సూత్రాన్ని యథాతథంగా అన్వయించడం కుదరదు. రావణుని ఉదాహరణలో బలవంతుడు కోరుతున్నాడు, కోరబడిన స్త్రీ బందీగా ఉంది. ఇక్కడ కోరబడినవాడు సాయుధుడు, ఒక సైనికకూటమి అండ ఉన్నవాడు. డోరియన్ క్లౌస్ ఇంట ఉన్న చిత్రపటాన్ని కాజేయాలని చూస్తాడు గాని, క్లౌస్ సమ్మతి లేనిదే ప్రణయం నెరవేరదన్న హద్దును కథ దాటదు. అయినా కాదన్నవారిని వదలక వెంటాడడాన్ని నేటి పాఠకులు వేధింపుగా చూడవచ్చు. ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేము. ఇద్దరి బలాలూ సమానం కావడం వల్ల దాని తీవ్రత తగ్గుతుంది, అంతే.

5. హాస్యం ఎవరి మీద?:
క్లౌస్ డోరియన్‌ను అతని లైంగికతను ఎత్తిచూపుతూ దూషిస్తాడు. ఆ దూషణలు పాఠకులను నవ్వించడానికే ఉద్దేశించినవి. 1992లో సాతో మసాకి ఒక స్త్రీవాద లఘుపత్రికలో, స్త్రీలు తమ వినోదం కోసం సృష్టించే పురుషప్రణయకథలు నిజజీవితంలోని స్వలింగప్రియులను పట్టించుకోవడం లేదని తీవ్రంగా విమర్శించాడు. జపానులో ‘యవోయి వివాదం’గా పేరొందిన చర్చకు అది నాంది. ఆ విమర్శ ‘ఎరోయికా’ను ఉద్దేశించినది కాకపోయినా, ఈ రచన దానికి సమాధానం చెప్పుకోవలసినదే.

భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా విభజించాడు. డోరియన్ తాను నవ్వుతాడు, ఇతరులనూ నవ్విస్తాడు. క్లౌస్ నవ్వడు. పాఠకుల నవ్వు మాత్రం ఎక్కువగా అతని మీదికే మళ్లుతుంది. అతని క్రమశిక్షణ, మొండితనం, కోపం ఘట్టం తరువాత ఘట్టంలో అభాసుపాలవుతాయి. తనను జేమ్స్ బాండ్‌గా ఊహించుకునే ఆంగ్లేయ గూఢచారి లారెన్స్, చిల్లర నాణేలకు ప్రాణం పెట్టే డోరియన్ గణకుడు జేమ్స్ కూడా ఈ వరుసలోనివారే. మొత్తం మీద పరిహాసానికి గురైనది కఠిన పౌరుషపు ఆదర్శం. అయినా దూషణ దూషణే. దానిని పలికినవాడు నవ్వులపాలైనంత మాత్రాన, ఆ మాట తగిలిన పాఠకుడి బాధ తీరదు. డోరియన్ ఆ మాటలకు కుంగిపోడు. అటువంటి ధనం, హోదా, ధైర్యం లేని స్వలింగప్రియుడికి ఈ కథలో చోటు కనిపించదు. ఇది రచనకున్న నిజమైన పరిమితి.

6. ప్రచ్ఛన్నయుద్ధం తరువాత:
గూఢచారి కథలకు 1989, 1991 సంవత్సరాలు సంక్షోభాన్ని తెచ్చాయి. బెర్లిన్ గోడ కూలింది, సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. క్లౌస్‌కు దీటైన శత్రువు కేజీబీ గూఢచారి మీషా. అతని వెనుక ఉన్న రాజ్యమే లేకుండా పోయింది. 1980ల చివర ఆగిన ఈ ధారావాహిక 1990ల మధ్యలో తిరిగి ప్రారంభమైంది. శత్రువు మారినా, రాజకీయ పటం మారినా, డోరియన్ వెంటాటకు కారణం మారలేదు. రాజకీయ వైరం మాత్రమే ఆధారమైతే ఈ పునఃప్రారంభం కష్టమయ్యేది. మూడవ విభాగంలోని ప్రతిపాదనకు ఇదే గట్టి ఉపపత్తి.

7. ముగింపు:
1. ‘ఎరోయికా’లో సాహసం, పురుషప్రణయం పక్కపక్కన పేర్చిన రెండు అంశాలు కావు. వెంటాట అనే ఒకే నిర్మాణానికి అవి రెండు ముఖాలు.
2. సమకాలీన రచనల్లోని మరణాంత ప్రణయానికి భిన్నంగా, కోరికను బతికించి నిలిపిన రచన ఇది.
3. రసాభాస సిద్ధాంతం ఇందులోని హాస్యోత్పత్తిని వివరించగలదు. సమబలుల మధ్య ప్రణయానికి వచ్చేసరికి ఆ సిద్ధాంతాన్ని విస్తరించుకోవలసి వస్తుంది.
4. కఠిన పౌరుషాన్ని పరిహసించడంలో ఈ రచన సఫలమైంది. దూషణను వినోదంగా వాడుకున్న బాధ్యత నుండి మాత్రం తప్పించుకోలేదు. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే దీని విలువ నిర్ణయం సమగ్రమవుతుంది.