క్రొత్త ఇంటర్‌ఫేసులు, పాత కంప్యూటర్లు

కంప్యూటరు ఆటలను పిల్లల కాలహరణమని తీసివేసే పెద్దలకు ఒక సంగతి మనవి చేయవలసి వున్నది. ఇంట్లో వుండే కంప్యూటరు చేసే పనులలో అత్యంత శ్రమతో కూడిన వాటిలో ఆట ఒకటి. జీతాల పట్టీ తయారుచేసే యంత్రము ఒక క్షణము ఆలస్యము చేస్తే ఎవరికీ తెలియదు. ఆటలో అట్లా కుదరదు. తెరమీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సెకనులో అరవయ్యోవంతు, అనగా దాదాపు 16.7 మిల్లీసెకన్లు. అంతలో లెక్కలన్నీ ముగియాలి, బొమ్మ తెరమీదకు రావాలి.

ఈ పనిని రెండు భాగాలు పంచుకొంటాయి. ఆటలో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, బంతి ఎటు పోయింది, గోడ ఎప్పుడు కూలింది అన్న లెక్క చూసేది ప్రాసెసరు. ఆ లెక్క ప్రకారము తెరమీద వున్న ఇరవై లక్షల పైచిలుకు చుక్కలకు రంగు నిర్ణయించేది గ్రాఫిక్సు కార్డు. అయితే ఒక్కొక్క కంపెనీ కార్డుకు ఒక్కొక్క యంత్రభాష. ఆట వ్రాసేవారు అన్ని కార్డుల భాషలూ నేర్చుకోలేరు గనుక అందరికీ పనికివచ్చే ఒక ఆజ్ఞల పట్టిక ఏర్పడింది. దానికే గ్రాఫిక్సు ఇంటర్‌ఫేసు అని పేరు. 1992లో సిలికాన్ గ్రాఫిక్సు కంపెనీ తెచ్చిన ఓపెన్ జి.ఎల్., 1996లో మైక్రోసాఫ్టు తెచ్చిన డైరెక్ట్ త్రీడీ ఈ కోవలోవి. పట్టికలోని ఆజ్ఞను కార్డు భాషలోకి మార్చి చెప్పే దుబాసీ డ్రైవరు. దానిని కార్డు తయారుచేసిన కంపెనీయే వ్రాసి ఇస్తుంది.

2014 మొదలుకొని మాంటిల్, డైరెక్ట్ ఎక్స్ 12, వల్కన్ అనే క్రొత్త ఇంటర్‌ఫేసులు వచ్చినవి. వీటివలన వున్న కార్డుతోనే ఎంతో ఎక్కువ వేగము రాబట్టవచ్చునని ప్రచారము జరిగింది, నేటికీ జరుగుతున్నది. ఈ ప్రచారములో నిజమెంత అన్నది మంచిర్యాల వంటి వూళ్ళలో కేవలము శాస్త్రచర్చ కాదు. మా విద్యార్థులు కొందరు రైలెక్కి సికింద్రాబాదు పోయి, పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఆఫీసులు తీసివేసిన పాత కంప్యూటరు కొని తెచ్చుకొంటారు. దానిలో ఒక క్రొత్త గ్రాఫిక్సు కార్డు పెట్టుకొంటే చాలునని వారి నమ్మకము. ఆ నమ్మకానికి ఆధారము ఇంటర్‌నెట్టులో చూచిన వేగాల పట్టికలు. డబ్బు మాత్రము తండ్రిది. అది తరచుగా బొగ్గుగని జీతములోనుండి మిగిల్చినది.

క్రొత్త ఇంటర్‌ఫేసులు మార్చినదేమిటో తెలియాలంటే పాత దుబాసీ పని చూడాలి. సింగరేణి భూగర్భ గనులలో బొగ్గు నింపిన టబ్బులను వరుసగా తగిలించి హాలేజి ఇంజనుతో పైకి లాగే పద్ధతి మన ప్రాంతము వారికి తెలియనిది కాదు. ఒక గనిలో ఈ వరుస పద్ధతి లేదనుకొందాము. ప్రతి టబ్బునూ ఒక్కడే గుమాస్తా ఆపి, బరువు చూచి, చీటీ వ్రాసి, ఇంజనువానికి గంట కొట్టి పంపుతున్నాడనుకొందాము. ఇంజను ఎంత బలమైనదైతేనేమి, గుమాస్తా చేయి ఆడినంత వేగముతోనే బొగ్గు పైకి వస్తుంది. డైరెక్ట్ ఎక్స్ 11 వరకూ డ్రైవరు చేసినది దాదాపు ఇదే. చెట్టు గీయుము, మనిషిని గీయుము అంటూ వచ్చిన ప్రతి ఆజ్ఞనూ అది పరీక్షించేది. తప్పు లేదని తేల్చుకొనేది. జ్ఞాపకశక్తిలో చోటు చూపేది. ఒక పని పూర్తికాకుండా రెండవది దానిపై పడకుండా కాపలా కాసేది. ఈ పనిలో ఎక్కువ భాగము ప్రాసెసరులోని ఒక్క కోరుమీదనే పడేది. మిగిలిన కోర్లు ఖాళీగా చూస్తూ కూర్చొనేవి.

క్రొత్త పద్ధతిలో గుమాస్తా బల్ల తీసివేశారు. ఆట వ్రాసినవారే ఆజ్ఞలను వరుసలుగా కూర్చుకోవచ్చును. నాలుగు కోర్లు నాలుగు వరుసలను ఒకేసారి సిద్ధము చేయవచ్చును. పోలిక ఇంతవరకే పనికివస్తుంది. గనిలో బరువు చూడకపోతే వచ్చే నష్టము డబ్బు లెక్కలో తేలుతుంది. ఇక్కడ పరీక్ష మానివేస్తే ఆట ఆగిపోతుంది, లేదా తెరమీద పిచ్చి బొమ్మలు వస్తాయి.

ఈ మార్పు చరిత్ర చిన్నదే. ఎ.ఎం.డి. కంపెనీ 2013 సెప్టెంబరులో మాంటిల్‌ను ప్రకటించింది. 2014 ఆరంభములో బాటిల్‌ఫీల్డ్ 4 అనే ఆట దానిని వాడుకొన్నది. మైక్రోసాఫ్టు డైరెక్ట్ ఎక్స్ 12 ను 2015 జూలైలో విండోస్ 10 తోబాటు ఇచ్చింది. మాంటిల్‌ను ఎ.ఎం.డి. క్రోనోస్ సంఘానికి అప్పగించగా, దాని పునాదిపై 2016 ఫిబ్రవరిలో వల్కన్ వెలువడినది.

ఇక లాభమెంత? ఒక లెక్క వేసి చూద్దాము. ఒక ఆటలో ఒక్కొక్క బొమ్మకు ప్రాసెసరు 20 మిల్లీసెకన్లు, కార్డు 12 మిల్లీసెకన్లు తీసికొంటున్నవనుకొందాము. రెండూ ప్రక్కప్రక్కనే పనిచేసినా నెమ్మదిగా నడిచేదానికోసము రెండవది ఆగవలసినదే. కాబట్టి సెకనుకు 50 బొమ్మలు వస్తాయి. క్రొత్త ఇంటర్‌ఫేసువలన ప్రాసెసరు పని 11 మిల్లీసెకన్లకు తగ్గినదంటే ఇప్పుడు అడ్డు కార్డు. సెకనుకు 83 బొమ్మలు. ఇది గొప్ప లాభమే. మరొక ఆటలో ప్రాసెసరు 9, కార్డు 25 తీసికొంటున్నవనుకొందాము. అప్పుడు సెకనుకు 40 బొమ్మలు. ప్రాసెసరు పనిని 5 కు తగ్గించినా, 3 కు తగ్గించినా ఆ 40 అట్లాగే వుంటుంది. మొదటి కంప్యూటరు యజమాని క్రొత్త ఇంటర్‌ఫేసును పొగడుతాడు, రెండవవాడు ఇదంతా మోసమంటాడు. ఇద్దరూ చూచినది నిజమే. ఖాళీగా వున్న గ్రాఫిక్సు భాగాలకు రెండవ పనిని ప్రక్కనే అప్పగించే సదుపాయము క్రొత్త ఇంటర్‌ఫేసులలో లేకపోలేదు. దానివలన కార్డు పనిలోకూడా కొంత కలిసివస్తుంది గాని అది ఆటనుబట్టి, కార్డునుబట్టి మారుతుంది.

ప్రచారకులు చూపే ఉదాహరణలను ఈ దృష్టితో పరీక్షించాలి. 2016లో వచ్చిన డూమ్ అనే ఆట మొదట ఓపెన్ జి.ఎల్.తో నడిచేది. ఆ జూలైలో దానికి వల్కన్ చేర్చగా ఎ.ఎం.డి. కార్డులలో వేగము బాగా పెరిగింది, ఎన్విడియా కార్డులలో అంతగా పెరుగలేదు. దీనిని వల్కన్ విజయముగా చాటారు. కాని ఎ.ఎం.డి. ఓపెన్ జి.ఎల్. డ్రైవరు బలహీనమైనదని అంతకుముందే అందరికీ తెలుసు. చెడ్డ దుబాసీని తొలగిస్తే సంభాషణ బాగుపడుతుంది. మంచి దుబాసీ వున్నచోట ఆ తేడా కనుపించదు. అందుచేత ఆ పెరుగుదలలో క్రొత్తదాని గొప్పతనము కొంత, పాతదాని లోపము కొంత. పట్టికలో ఈ రెండూ ఒకే అంకెగా కలిసిపోయినవి. అదే సంవత్సరములో రైజ్ ఆఫ్ ది టూంబ్ రైడర్ ఆటకు డైరెక్ట్ ఎక్స్ 12 చేర్చినపుడు కొన్ని కంప్యూటర్లలో వేగము మునుపటికన్న తగ్గింది. డైరెక్ట్ ఎక్స్ 11 డ్రైవరును కార్డు కంపెనీల ఇంజనీర్లు ఏళ్ళతరబడి సానపట్టి వున్నారు. ఆ బరువు ఒక్కసారిగా ఆట వ్రాసేవారి నెత్తిన పడినప్పుడు వారందరూ దానిని సమానముగా మోయలేకపోయినారు.

ఇంతకంటె బాధించేది మరొకటి వున్నది. చుక్కల రంగును లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములను షేడర్లంటారు. ఇవి ప్రతి కార్డుకూ ఆ కార్డు భాషలోకి మారాలి. ఇంట్లో టెలివిజనుకు తగిలించే ఆటపెట్టెలలో యంత్రము ఒక్కటే గనుక ఆ మార్పు కర్మాగారములోనే ముగించి పంపుతారు. కంప్యూటర్లలో కార్డులు అనేకము గనుక ఆ పని కొన్నవాని యంత్రముమీదనే జరగాలి. క్రొత్త ఇంటర్‌ఫేసులు దీనిని ముందుగానే, పెద్ద పెద్ద మూటలుగా చేయుమంటాయి. ఏ మూటలు కావాలో ఆట వ్రాసినవారు ముందుగా చెప్పకపోతే ఆట నడుమ, తలుపు తెరచిన క్షణములో, ఆ మార్పు మొదలవుతుంది; బొమ్మ ఆగిపోతుంది. 2022 డిసెంబరులో విడుదలైన ది కలిస్టో ప్రోటోకాల్ ఈ జబ్బుతోనే అపకీర్తి పాలై, వెంటనే సవరణ పంపవలసివచ్చినది. సగటు వేగము ఈ దోషాన్ని చక్కగా దాచిపెడుతుంది. ఒక సెకనులో 48 బొమ్మలు ఒక్కొక్కటి 16.7 మిల్లీసెకన్లకు వచ్చి, ఒక్క బొమ్మ మాత్రము 200 తీసికొన్నదనుకోండి. సగటు సెకనుకు 49. పట్టికలో చూడముచ్చటగా వుంటుంది. ఆడేవాని చేతిలో మాత్రము బండి గుంటలో పడినట్లుంటుంది. సగటు ఒక్కటే చూపి కార్డును మెచ్చుకొనే సమీక్షకు నేను విలువ ఇవ్వను.

ఈ కథలో ఒక తెలుగువాని పేరు చెప్పక తప్పదు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఎలక్ట్రానిక్సు, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో ఎం.టెక్. చదివిన రాజా కోడూరి, ఎ.ఎం.డి.లోను ఆపిల్‌లోను గ్రాఫిక్సు శాఖలలో పనిచేసి 2017లో ఇంటెల్‌లో చేరినారు. ఆయన ఆధ్వర్యాన 2022లో ఆర్క్ కార్డులు వచ్చినవి. క్రొత్త ఇంటర్‌ఫేసులను నమ్ముకొని సిద్ధము చేసిన యంత్రాలివి. డైరెక్ట్ ఎక్స్ 9 నాటి ఆటలకు ఇంటెల్ సొంత డ్రైవరు వ్రాయక, వాటి ఆజ్ఞలను డైరెక్ట్ ఎక్స్ 12 లోకి తర్జుమాచేసే మైక్రోసాఫ్టు పొరపై ఆధారపడినది. ఫలితముగా క్రొత్త ఆటలలో చక్కగా నడిచిన కార్డు, పదేళ్ళనాటి కౌంటర్ స్ట్రైక్ వద్ద తడబడినది. ఆ డిసెంబరులో ఇంటెల్ వేరొక డ్రైవరు ఇవ్వగా అదే కార్డుమీద అవే పాత ఆటల వేగము ఎంతో పెరిగింది. సిలికాన్ ముక్క మారలేదు, మారినది దుబాసీ. కోడూరిని తప్పుపట్టినవారు చాలామంది. నా అభిప్రాయములో ఆయన లెక్క యంత్రము విషయములో సరియైనదే. లోకము తన పాత ఆటలను అంత త్వరగా వదలుకోదన్నది ఆ లెక్కలోకి రాలేదు. ఆయన 2023 మార్చిలో ఇంటెల్ విడిచిపెట్టారు.

అదే వంశములోని బి580 కార్డు 2024 డిసెంబరులో 249 డాలర్ల ధరకు వచ్చినది. చవుకైన మంచి కార్డని సమీక్షకులు ఏకగ్రీవముగా మెచ్చుకొన్నారు. వారు పరీక్షించినది మార్కెట్టులోని అత్యంత వేగమైన ప్రాసెసర్లతో. కొద్ది వారాలకు, 2025 జనవరిలో, హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ మొదలైనవారు దానిని రైజెన్ 5 2600 వంటి పాత ప్రాసెసర్లతో కలిపి చూచినారు. ఖరీదైన ప్రాసెసరుతో ఎన్విడియా 4060 కు సమానముగానో, దానికి మించియో నిలిచిన కార్డు, పాత ప్రాసెసరుతో కొన్ని ఆటలలో 4060 కన్న బాగా వెనుకబడినది. ఆ డ్రైవరు ప్రాసెసరుపై వేస్తున్న బరువు ఎక్కువ. బలమైన ప్రాసెసరు దానిని కప్పిపుచ్చినది. 2021 మార్చిలో వారే ఎన్విడియా కార్డులలోకూడా డైరెక్ట్ ఎక్స్ 12 ఆటలవద్ద ఇటువంటి లోపాన్నే చూపివున్నారు. కాబట్టి క్రొత్త ఇంటర్‌ఫేసుతో దుబాసీ పూర్తిగా తప్పుకొన్నాడన్న మాట నమ్మరాదు. బల్ల చిన్నదైనది, అంతే.

పార్క్ లేన్ నుండి వచ్చిన ఆఫీసు కంప్యూటరుకు ఇదే ముఖ్యమైన విషయము. చవుక కార్డును చవుక ప్రాసెసరుతోనే కొంటారు గదా! దానిని అత్యంత ఖరీదైన ప్రాసెసరుతో పరీక్షించి, ఆ అంకెను చవుక కొనుగోలుదారునికి చూపడము, ఎడ్లబండి చక్రాన్ని తారురోడ్డుమీద దొర్లించి పొలముదారికి పనికివస్తుందని చెప్పడము వంటిది. కార్డు స్వశక్తిని కొలవడానికి ప్రాసెసరు అడ్డు తొలగించాలన్న సమీక్షకుల వాదన భౌతికశాస్త్ర ప్రయోగానికి సరిపోతుంది. కొనేవానికి రెండవ పట్టికకూడా కావాలి. పైగా ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ అనే సదుపాయము మదరుబోర్డులో వుండాలని ఇంటెలే చెప్పింది; పాత ఆఫీసు యంత్రాలలో చాలావాటిలో అది లేదు.

క్రొత్త ఇంటర్‌ఫేసు పాత కార్డుకు ఆయుస్సు పోస్తుందన్న మాట ఒక్కొక్కప్పుడు తలక్రిందులవుతుంది. 2023 అక్టోబరులో వచ్చిన అలన్ వేక్ 2, మెష్ షేడర్లనే క్రొత్త సదుపాయముపై ఆధారపడి వ్రాసినది. అది లేని ఎన్విడియా 10 వరుస కార్డులు, వాటిలో శక్తి వున్నా, ఆ ఆటవద్ద చతికిలపడినవి. 2024 మార్చిలో ఆట వ్రాసినవారే ఒక సవరణతో వాటిని కొంత లేవదీసినారు. అనగా మొదటి రోజునే ఆ శ్రమ పడివుండవచ్చును.

కార్డు కొనేముందు ఎవరైనా ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటున్నది. తరచుగా ఆడే ఆటలో చిత్ర పరిమాణాన్ని 1920×1080 నుండి 1280×720 కు తగ్గించాలి. చుక్కల సంఖ్య సగానికన్న తక్కువవుతుంది గనుక కార్డుకు పని తగ్గుతుంది, ప్రాసెసరుకు దాదాపు అంతే వుంటుంది. వేగము బాగా పెరిగితే అడ్డు కార్డువద్ద. క్రొత్త కార్డు ఉపయోగపడవచ్చును. వేగము కదలకపోతే అడ్డు ప్రాసెసరువద్ద వున్నది. అప్పుడు ఆటలో డైరెక్ట్ ఎక్స్ 11, 12 రెండూ ఎంచుకొనే వీలుంటే రెండింటినీ చెరి అరగంట ఆడి చూడాలి. మొదటి పది నిముషాలను లెక్కలోకి తీసికోరాదు, షేడర్లు అప్పటికింకా సిద్ధమవుతూ వుండవచ్చును. ఆట తెరవగానే షేడర్లు తయారవుతున్నవని తెరమీద వస్తే దానిని దాటవేయక చివరిదాకా ఆగాలి. డ్రైవరు మార్చిన తరువాత ఆ నిరీక్షణ మళ్ళీ మొదటినుండి వస్తుంది; నాలుగు కోర్ల పాత ప్రాసెసరుమీద ఒక చాయ్ త్రాగివచ్చేంత సేపు పట్టినా ఆశ్చర్యము లేదు.